చీలిన నగరంలో డ్రైనేజీ ఎవరు చూస్తారు?

జాతుల వారీగా చీలిన నగరంలో చెత్త, నీళ్లు, డ్రైనేజీ ఎవరు చూస్తారు? కొన్నిచోట్ల ప్రతిదీ రెండేసి పెట్టుకుంటారు. బోస్నియాలోని మోస్తార్‌లో క్రొయాట్లు ఎక్కువగా పడమర, బోస్నియాక్‌లు (బోస్నియా ముస్లింలు) తూర్పున ఉంటారు. ఆసుపత్రులు రెండు, యూనివర్సిటీలు రెండు. ఎన్నికల నిబంధనలపై పార్టీలకు రాజీ కుదరక, 2008 తర్వాత 2020 దాకా స్థానిక ఎన్నికలే జరగలేదు. అన్నేళ్లూ పాత మేయరే కుర్చీలో!

మురుగుకి మాత్రం ఈ గీతలు పట్టవు. సైప్రస్ రాజధాని నికోసియా 1974లో పూర్తిగా రెండుగా చీలింది: ఉత్తరాన టర్కిష్ సైప్రియాట్లు, దక్షిణాన గ్రీకు సైప్రియాట్లు. మురుగు శుద్ధి కేంద్రమేమో ఉత్తరాన ఉంది. దక్షిణం వాళ్ల టాయిలెట్ నీళ్లు కూడా పైపుల్లో అటే పోవాలి. అందుకే గ్రీకు వైపు మేయర్ లెల్లోస్ డిమిట్రియాడిస్, టర్కిష్ వైపు మేయర్ ముస్తఫా అకింజి 1978లో ఒప్పందానికొచ్చారు. జెండాల గొడవ పక్కనపెట్టి పైపుల సంగతే మాట్లాడుకున్నారు కాబట్టే కుదిరిందని నాకనిపిస్తుంది.