ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు కెమెరా ఆపేసి, పిలిస్తే పలకకపోతే ఏం చేయాలి?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కెమెరాలు ఆపేసి కూర్చుంటున్నారు, పేరు పెట్టి పిలిచినా పలకడం లేదు, ఇద్దరు ముగ్గురు మాత్రం చాట్‌లో అల్లరి చేసి మిగతావారిని చెడగొడుతున్నారు. కెమెరా తప్పనిసరి చేయాలా, అల్లరి చేసేవాళ్లను క్లాసు నుంచి తీసేయాలా అని అడిగారు.

నేను లెక్కల టీచర్‌ని. 2020లో బడులు మూతపడినప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ ఆన్‌లైన్‌లోకి వచ్చాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి నుంచే జూమ్‌లో ట్యూషన్ చెబుతున్నాను. నెల్లూరు, కరీంనగర్ పిల్లలతో పాటు దుబాయ్, మస్కట్‌లలో ఉండే మనవాళ్ల పిల్లలు కూడా వస్తారు. బ్యాచ్‌కు ఇరవై, ఇరవై అయిదు మంది. కాబట్టి నేను చెప్పేది ఆ వయసుకు, ఆ సంఖ్యకు పనికొస్తుంది. వందలమంది కూర్చునే కోచింగ్ క్లాసులకు వర్తించదు.

మీ రెండు ప్రశ్నలకూ నా జవాబు వద్దనే. ప్రతి అయిదారు నిమిషాలకు ప్రతి పిల్ల నుంచీ ఏదో ఒక చిన్న పని మీ చేతికి అందేలా చూసుకోండి. అది అందుతుంటే కెమెరాలు ఆపి ఉన్నా క్లాసు నడుస్తున్నట్టే. అది లేకపోతే పాతిక మొహాలు తెర మీద కనిపిస్తున్నా, సగం మంది ఇంకో విండోలో ఆట ఆడుకుంటూ ఉంటారు.

కెమెరా ఎందుకు ఆపుతారో ఆలోచిస్తే మీ కోపం సగం తగ్గుతుంది. చాలా ఇళ్లలో చదువుకోవడానికి వేరే గది ఉండదు. వెనక తాతగారు బనీనుతో పడుకుని ఉంటారు, పక్కన సీరియల్ నడుస్తుంటుంది, వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది. మొటిమలు వచ్చిన మొహాన్ని ఇరవైమంది ముందు పెట్టుకుని కూర్చోవడం పద్నాలుగేళ్ల వయసులో చిన్న శిక్ష కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ అధ్యాపకులు ఇద్దరు తమ విద్యార్థులనే అడిగి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. కెమెరా ఆపడానికి అందులో ఎక్కువమంది చెప్పిన కారణం తాము ఎలా కనిపిస్తామో అన్న బెంగ. వెనక ఇల్లు, ఇంట్లోవాళ్లు కనబడతారన్న మొహమాటం, నెట్ సరిగా లేకపోవడం కూడా కారణాల్లో ఉన్నాయి. వాళ్లు కాలేజీ విద్యార్థులు. మన తొమ్మిదో తరగతి పిల్లల సంగతి వేరే చెప్పాలా?

అందుకని నేను మొహం అడగను, నోటుపుస్తకం అడుగుతాను. లెక్క ఇచ్చాక రెండు నిమిషాలపాటు ఫోను వెనక కెమెరా పుస్తకం మీదికి తిప్పి పెట్టమంటాను. రెండు స్టీలు డబ్బాల మీద స్కేలు అడ్డంగా పెట్టి, దాని మీద ఫోనును తెర పైకి ఉండేలా పడుకోబెడితే చాలు, కెమెరా స్కేలు అంచు దాటి ఉండాలి అంతే. నేను లెక్క చేసి చూపించేదీ అలాగే. ముందు కెమెరాతో చూపిస్తే వాళ్ల తెర మీద వాళ్లకే అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి, "మేడమ్, తిరగబడింది" అంటూ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతారు. వెనక కెమెరా అయితే ఆ గొడవ లేదు. మొహం చూపించమంటే నెలల తరబడి మొండికేసిన పిల్లలు పుస్తకం చూపించడానికి ఒక్కరోజు కూడా అభ్యంతరం చెప్పలేదు. టీచర్‌గా నాకు ఉపయోగపడేదీ అదే. ఎక్కడ పెన్ను ఆగిపోయిందో మొహం చూస్తే తెలియదు.

ఇంకొక సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. జూమ్‌లో 2021లో ఫోకస్ మోడ్ అని ఒకటి వచ్చింది. అది పెడితే పిల్లల వీడియోలన్నీ మీకు కనిపిస్తాయి, వాళ్లకు మాత్రం మీరు, వాళ్ల సొంత వీడియో తప్ప తోటివాళ్లవి కనబడవు. జూమ్ వెబ్‌సైట్‌లో మీ ఖాతా సెట్టింగులకు వెళ్లి ఒకసారి ఆన్ చేసుకోవాలి. "మీ వీడియో నాకు తప్ప ఎవరికీ కనిపించదు" అని చెప్పి, నిజంగానే కనిపించదని ఇద్దరు పిల్లల చేత పరీక్షించి చూపించండి. కొందరు తమంతట తామే కెమెరా పెడతారు. తమ మొహం తామే చూసుకోవడం ఇష్టం లేనివాళ్లకు హైడ్ సెల్ఫ్ వ్యూ నొక్కడం నేర్పండి. అదే పనిగా తన మొహం తనకే కనిపిస్తూ ఉండటం వీడియో అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ కూడా రాశారు.

ఇక పట్టుకునే ప్రయత్నాలు మానుకోండి. నెట్ ఆగిపోయినట్టు బొమ్మలా బిగుసుకుని కూర్చునే విద్య మా పిల్లలకు బాగా వచ్చు. ఒకసారి ఒక అబ్బాయి నోరు తెరిచిన భంగిమలో కదలకుండా ఉండిపోయాడు, వెనక సీలింగ్ ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతోంది. నేను ఏమీ అనలేదు. "నెట్ వచ్చాక మూడో లెక్క జవాబు పంపించు నాన్నా" అని ముందుకు వెళ్లిపోయాను. రెండు నిమిషాల్లో నెట్ వచ్చింది. ఆ దొంగతనాన్ని అందరి ముందు బయటపెట్టి ఉంటే ఆ రోజు పాఠం కంటే అదే గొప్ప వినోదం అయ్యేది, మర్నాటి నుంచి అందరూ దాన్ని ఇంకా బాగా సాధన చేసేవారు.

చాట్ అల్లరికి మందు చాట్‌లోనే ఉంది. జూమ్ చాట్‌లో ఎవరు ఎవరికి రాయవచ్చో హోస్టు, అంటే క్లాసు నడిపే మీరు, నిర్ణయించవచ్చు. హోస్టుకు మాత్రమే అని మార్చండి. సినిమా డైలాగు రాసినా నవ్వడానికి ఎవరూ ఉండరు. మా బ్యాచ్‌లోనూ అలాంటివాళ్లు ఉండేవారు, నాకొక్కదానికే బొమ్మలు పంపించి ఎంతసేపు ఆనందిస్తారు? మూడు రోజులకు విసుగు పుట్టి మానేశారు.

అయితే ఈ సెట్టింగు వల్ల అసలు లాభం వేరే ఉంది. సర్వసమీకరణాలు, అంటే (a+b)² = a²+2ab+b² లాంటివి, చెప్పేటప్పుడు 103 వర్గం ఎంత అని అడుగుతాను. మామూలు చాట్‌లో అయితే మొదట ఎవరు 10609 అని రాస్తే మిగతావాళ్లందరూ అదే కొడతారు, క్లాసు మొత్తానికి వచ్చేసినట్టు కనిపిస్తుంది. జవాబులు నాకొక్కదానికే వచ్చినప్పుడు ఆరేడుగురు 10009 అని రాస్తారు. అంటే వందను వర్గం చేశారు, మూడును వర్గం చేశారు, మధ్యలో ఉండవలసిన 2ab, అంటే 600, వదిలేశారు. ఎవరు వదిలేశారో పేర్లతో సహా నా దగ్గర ఉంది, ఎవరి పరువూ పోలేదు. "కొంతమందికి 10009 వచ్చింది, 600 ఎక్కడ తప్పిపోయిందో వెతుకుదాం" అని మొదలుపెడితే వాళ్లు కూడా వింటారు. మామూలుగా బడిలో ఎప్పుడూ చెయ్యి ఎత్తని పిల్లలు ఈ చాటు జవాబుల్లో బయటికి వస్తారు. నా అనుభవంలో ఆన్‌లైన్ క్లాసు బడి గదిని మించిపోయేది ఈ ఒక్క విషయంలోనే. గూగుల్ మీట్ వాడుతుంటే ఇదే పనిని ఒక్క ప్రశ్న ఉన్న గూగుల్ ఫారంతో చేయించవచ్చు, కాస్త నెమ్మది, అంతే.

పిలిస్తే పలకకపోవడం గురించి. అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలోనే తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగినా జవాబులు మెరుగుపడుతున్నాయని చూపించారు. అది గదిలో మాట. ఆన్‌లైన్‌లో మీ గొంతు అటు చేరాలి, పిల్లవాడు మ్యూట్ గుర్తు వెతకాలి, పక్కన టీవీ శబ్దం తగ్గించమని అమ్మకు సైగ చేయాలి. నేను మనసులో పది లెక్కపెట్టుకుంటాను. ఇంకొక మార్పు కూడా చేశాను. గదిలో ముందు ప్రశ్న అడిగి తరవాత పేరు పిలుస్తాం, అందరూ ఆలోచించాలని. ఆన్‌లైన్‌లో ముందే చెబుతాను: "ఈ లెక్కలో రెండో మెట్టు హర్షిత చెబుతుంది, మూడోది సాయి." పేరు ముందే తెలిసిన పిల్ల మైకు సిద్ధం చేసుకుంటుంది. హఠాత్తుగా పిలిచి పట్టుకోవాలన్న సరదా మీకు ఉంటే వదులుకోండి, దానివల్ల వచ్చేది మౌనమే. (ఆ రెండు పేర్లూ ఉదాహరణకు రాసినవే.)

పలకనివాళ్లలో కొందరికి కారణం మొండితనం కాదని కూడా చూసుకోండి. ఫోను మైకు పాడై ఉంటుంది, లేదా అది నాన్నగారి ఫోను, క్లాసు మధ్యలో ఆయనకు కాల్స్ వస్తుంటాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే ఫోను ఉంటే చెల్లెలి క్లాసు సగంలో వదిలేసి అన్న వస్తాడు. ఒక్క ఫోను కాల్‌తో తెలిసిపోయే సంగతులివి.

తల్లిదండ్రులు ఇక్కడ పెద్ద సమస్య, పెద్ద సాయం కూడా. కెమెరాకు కనిపించకుండా పక్కన కూర్చుని జవాబు గుసగుసగా అందించే అమ్మలు మీకూ ఉండే ఉంటారు. ఆమెను తప్పుపట్టకండి. "అమ్మ చెప్పింది బాగుంది, ఇప్పుడు నువ్వు ఎందుకో చెప్పు" అంటే ఇద్దరూ నవ్వేస్తారు, రెండోసారి గుసగుస తగ్గుతుంది. పిల్లవాడి మీద ఫిర్యాదును వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టవద్దు. ఒక్కరికే ఫోను చేయండి, అదీ మొదటి కాల్ ఏదైనా మంచి మాట చెప్పడానికి చేసి ఉంచుకోండి. అప్పుడు రెండో కాల్‌లో అల్లరి సంగతి చెప్పినా వింటారు. ఒక ముఖ్యమైన మాట: ఇంట్లోవాళ్లు కెమెరా ముందే పిల్లవాడిని తిట్టడం, చెయ్యి చేసుకోవడం మొదలుపెడితే మీరు వెంటనే హోస్టుగా వాడి వీడియో, మైకు ఆపేయండి. ఆ పిల్లవాడు మళ్లీ క్లాసులో నోరు విప్పాలంటే ఆ దృశ్యాన్ని ఇరవైమంది చూడకూడదు. క్లాసు అయ్యాక వాళ్లతో విడిగా మాట్లాడవచ్చు.

నిజమైన అల్లరి, అంటే లింకు బయటికి ఇవ్వడం, వేరేవాళ్ల పేరుతో దూరడం, తెర మీద గీతలు గీయడం, వీటికి మాటల కంటే తాళాలే మంచివి. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ గురించి ఇచ్చిన సూచనలు ఇప్పటికీ సరిపోతాయి: వెయిటింగ్ రూమ్ పెట్టడం, స్క్రీన్ షేరింగ్ హోస్టుకే ఉంచడం, తీసేసినవారు మళ్లీ రాకుండా చూడటం, అందరూ వచ్చాక మీటింగ్‌కు తాళం వేయడం. నేను దీనికి ఒకటి కలిపాను. పేరు ముందు రోల్ నంబరు లేనివాళ్లను వెయిటింగ్ రూమ్ నుంచి లోపలికి రానివ్వను. లేకపోతే "రెడ్‌మీ", "అమ్మ ఫోన్" అనే విద్యార్థులతో క్లాసు నిండిపోతుంది. తెర మీద గీసే సౌకర్యాన్ని ఆపేసే సెట్టింగు స్క్రీన్ షేర్ చేసేటప్పుడు కనిపిస్తుంది.

ఒకసారి నా మొహంతో వాట్సాప్ స్టిక్కరు చేశారు, నేను కళ్లు సగం మూసి ఉన్న క్షణంలో తీసినది. అది నాకు తిరిగి తిరిగి చేరింది. చేసినవాడు ఎవరో నాకు తెలుసు. వాడి చేతే ఆ వారం క్లాసు సహాయకుడి పని చేయించాను: వెయిటింగ్ రూమ్ చూడటం, చేతులు ఎత్తినవాళ్ల పేర్లు చదవడం. శిక్ష అని చెప్పలేదు, బహుమతి అనీ చెప్పలేదు. ఫోనుతో అంత నేర్పుగా పని చేసేవాడికి పని లేకపోవడమే అసలు ఇబ్బంది అని నా నమ్మకం. అయితే ఒక గీత ఉంది. తోటి పిల్ల ఫోటోతో అలాంటిది చేస్తే అది అల్లరి లెక్కలోకి రాదు. అదే రోజు రెండు ఇళ్లకూ ఫోను వెళ్లాలి.

సమయం గురించి కొద్దిగా. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు క్లాసులే, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. మీరు గంటన్నర ఏకబిగిన చెబుతుంటే పిల్లల ప్రవర్తన బాగుపడాలని ఆశించకండి. ఉచిత జూమ్‌కు ఉన్న 40 నిమిషాల హద్దును నేను చాలాకాలం తిట్టుకున్నాను, డబ్బు కట్టి కొనుక్కున్నాక కూడా అదే హద్దు పాటిస్తున్నాను.

పాయింట్లు, ర్యాంకులు ఇచ్చే క్విజ్ ఆటలు రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఆ తరవాత నెట్ వేగంగా ఉన్నవాళ్లే ఎప్పుడూ గెలుస్తారు, మిగతావాళ్లు ఊరికే ఏదో ఒకటి నొక్కుతారు. నెలకు ఒకసారి చాలు. విడి గదులు, అంటే బ్రేకవుట్ రూములు, వాడితే ముగ్గురేసి చొప్పున, నాలుగే నిమిషాలు. ఇద్దరినే పెడితే ఒకరి నెట్ పోగానే రెండోవారు ఒంటరి.

హోంవర్కు ఫోటోలు నేను అడగడం మానేశాను, ఒకరి పుస్తకమే ఊరంతా తిరుగుతుంది. దానికి బదులు రోజుకు అయిదుగురు, వంతులవారీగా, ఒక లెక్కలో ఒక మెట్టు ఎందుకు అలా వచ్చిందో నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి. క్లాసులో ఒక్క మాట మాట్లాడని అమ్మాయిలు ఇందులో రెండు నిమిషాలు చెబుతారు.

మీరు ముందుగా చాట్ సెట్టింగు, వెయిటింగ్ రూమ్ మార్చండి, అవి ఈ రాత్రికే అయిపోతాయి. పుస్తకం చూపించే అలవాటుకు రెండు మూడు వారాలు పడుతుంది. మీ పిల్లల్లో ఫోను మీద వచ్చేవాళ్లు ఎంతమంది, ల్యాప్‌టాప్ మీద ఎంతమంది అన్నది మీరు రాయలేదు. ల్యాప్‌టాప్‌వాళ్లకు పుస్తకం చూపించడం ఇంత సులువు కాదు, వాళ్లకు వేరే ఏర్పాటు కావాలి. అది చెబితే నేను వాడే పద్ధతి కింద రాస్తాను.