చింపిన పుట కొనవద్దు

చిరంజీవి సుధకు, పెద్దనాన్న దీవించి వ్రాయునది.

లండన్‌లో పర్షియన్ కళాచరిత్ర చదవడానికి నీకు సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పాత తివాచీలను బాగుచేస్తూ ఉద్యోగమంతా గడిపిన నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే దాచుకున్న డబ్బుతో అక్కడ ఒక పాత పర్షియన్ చిత్రపు పుటను వేలంలో కొని గదిలో పెట్టుకుంటానన్నావట. ఆ మాట వల్లనే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వస్తోంది.

చలికోటు, కాగితాల నకళ్లు, ఆవకాయ సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. ఫార్సీ లిపి నేర్చుకోవడం మాత్రం ఇక్కడే మొదలుపెట్టు. తివాచీ మీద, గోడ మీద, గిన్నె అంచున రాత ఉంటుంది. చదవడం రానివారికి అది కూడా తీగల అల్లికే.

ఇక పుట సంగతి. 1520ల్లో తబ్రీజ్ నగరంలో, అప్పట్లో ఇరాన్‌ను ఏలిన సఫవీ రాజుల చిత్రశాలలో, ఫిరదౌసి కవి రాసిన రాజుల కథల కావ్యం షానామాకు ఒక ప్రతిని తయారు చేయడం మొదలుపెట్టారు. లేఖకులు, చిత్రకారులు, బంగారుపూత పనివారు ఏళ్ల తరబడి శ్రమించిన ఆ గ్రంథంలో 759 పత్రాలు, 258 చిత్రాలు ఉండేవి. సఫవీ రాజు షా తహ్మాస్ప్ దానిని 1568లో ఒట్టోమన్ సుల్తాను రెండవ సెలీముకు కానుకగా పంపాడు. రాజులు పోయినా, రాజ్యాలు పోయినా ఒక్క పుస్తకంగా నిలిచిన ఆ గ్రంథాన్ని 1959లో కొన్న ఆర్థర్ హౌటన్ అనే అమెరికా ధనవంతుడు విప్పించి, 78 చిత్రాలను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, మరికొన్నింటిని విడివిడిగా అమ్మించాడు. ఆయన పోయిన తరువాత, మిగిలిన 118 చిత్రాలు 1994లో వియన్నా విమానాశ్రయంలో చేతులు మారి ఇరాన్‌కు చేరాయి. వాటికి బదులుగా టెహరాన్ మ్యూజియం విల్లెం డి కూనింగ్ అనే ఆధునిక చిత్రకారుడు గీసిన ఒక స్త్రీ చిత్రాన్ని ఇచ్చుకుంది. ఆ గ్రంథంలోదే, సుల్తాన్ ముహమ్మద్ అనే చిత్రకారుడు గీసిన, షానామాలో మొదటి రాజైన గయూమర్స్ కొలువు బొమ్మ ఇప్పుడు టొరంటోలో ఉంది. చిరుతతోళ్లు కట్టుకున్న ఆ కొలువు చుట్టూ ఉన్న కొండరాళ్లను దగ్గరగా చూస్తే, మనుషుల ముఖాలు, జంతువుల ముఖాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఎంత గొప్ప బొమ్మ అయితేనేమి, దాని ముందు పుట ఒక దేశంలో, వెనుక పుట మరో దేశంలో ఉంటే, కథ నడవడానికి వేసిన ఆ వరుస ఇక ఎవరికీ కనిపించదు.

నువ్వు కొనబోయేది ఆ గ్రంథంలోది కాదని నాకూ తెలుసు; అంత సొమ్ము మన వంశంలోనే లేదు. అది అసలైనదైతే మరెవరి పుస్తకంలోంచో ఊడదీసినది. కాకపోతే, పాత రాత ఉన్న కాగితం మీద నిన్నమొన్న బొమ్మ వేసి, కాగితం వయసునే బొమ్మ వయసుగా చూపి అమ్ముతున్నది. ఈ రెండింటిలో ఏది నీ చేతికి వచ్చినా నాకు మనసొప్పదు.

కోప్పడుతున్నానని చిన్నబుచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు నా పనిగదికి వచ్చినప్పుడల్లా పైనున్న పూలను వదిలేసి, తివాచీ అంచు తిరగేసి వెనుకవైపు ముడులనే చూసేదానివి. చూడవలసిన పద్ధతి అదే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, ఇరాన్‌లోని అర్దబీల్ ఊరి పేరు మోసే తివాచీని మాత్రం తిరగేయనివ్వరు. రంగులు వెలిసిపోకుండా అరగంటకొకసారి పది నిమిషాలే దానిమీద దీపాలు వేస్తారు కనుక, ఒక్కొక్కసారి ఒక్కొక్క మూలనే చూడు. పట్టు పోగుల మీద ఊలుతో, పది సెంటీమీటర్ల చదరంలో సుమారు 5,300 ముడులు వేసిన నేత అది. ఒక చివర పర్షియన్ కవి హాఫిజ్ పద్యపాదాలు, వాటికింద మక్సూద్ కాషానీ పేరు, హిజ్రీ 946వ సంవత్సరం, అంటే 1539-40, నేసి ఉంటాయి. దానికి జోడు మరొకటి ఉండేది. దీనిని బాగుచేయడానికి దాని అంచులను కోసి వాడారు. అంచులు లేని ఆ జోడు లాస్ ఏంజలెస్‌లో ఉంది. ఆ కోత కోసింది నా వృత్తివారే కనుక, అక్కడ నిలబడినప్పుడు ఈ ముక్క తప్పక గుర్తుంచుకో.

అలాగని నాలాగా తివాచీల దగ్గరే ఆగిపోకు. ఇరాన్‌లోని కాషాన్ పట్టణపు కుమ్మరులు వెండి, రాగి లవణాలతో పూత వేసి, గాలి తక్కువగా ఉండే ఆవంలో రెండవసారి కాల్చి, మట్టిగిన్నెకు లోహపు మెరుపు తెచ్చేవారు. పారిస్ వెళితే లూవ్రు మ్యూజియంలో, ప్రాచీన ఇరాన్ నగరమైన సూసా రాజభవనపు విలుకాండ్ర బొమ్మల ఇటుకలు చూడు. అవి డేరియస్ చక్రవర్తి కాలానివి, ఇస్లాం రాకకు వెయ్యేళ్లకు పైగా ముందువి. పర్షియా అనగానే సఫవీల కాలాన్నే తలచేవారు మీ తరగతిలోనూ ఉంటారు.

బయలుదేరేలోగా ఒకసారి హైదరాబాద్ రా. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడే. మొహర్రం పీర్లను నిలపడానికి వారు కట్టించిన బాద్షాహీ ఆషూర్‌ఖానాలో, రంగు పెంకులను ముక్కలుగా కోసి గోడకు పొదిగిన 1611 నాటి పని ఉంది. 1908 మూసీ వరదకు కిందిభాగం దెబ్బతింది. ఎక్కడివరకు పాత పెంకో, ఎక్కడ తరువాతి పనో నువ్వే గుర్తించి చెప్పాలి. నేను పక్కన ఉంటాను కాని నోరు విప్పను. మొహర్రం రోజుల్లో జనం రద్దీగా ఉంటారు కనుక, అవి కాని రోజు చూసుకుని టికెట్టు తీసుకో.

ఇట్లు,
మీ పెద్దనాన్న