అండాలు తీయడానికి పొట్ట కోస్తారా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర ఊరు. పెళ్లై ఏడేళ్లైనా పిల్లల్లేరు. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉంది, ట్యూబులు కూడా మూసుకుపోయాయి. హన్మకొండలో ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపి పిండం చేసే చికిత్స) ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. వచ్చే వారం అండాలు తీస్తారట. పొట్ట కోస్తారా? ఒకేసారి అన్ని తీస్తే తర్వాత అండాలే ఉండవని అత్తమ్మ భయపడుతోంది. అదే రోజు ఇంటికి రావచ్చా? – ఒక సోదరి

జవాబు: కోత, కుట్లు ఏవీ ఉండవమ్మా. కాసేపు మత్తు ఇస్తారు. యోని మార్గంలో పెట్టే స్కానింగ్ ప్రోబ్‌కే సన్నటి పొడవాటి సూది అమర్చి ఉంటుంది. డాక్టర్ తెర మీద చూస్తూ అండాశయంలోని ఒక్కో ఫాలికిల్‌లోకి (అండం పెరిగే చిన్న నీటి సంచి) సూది పంపి, అందులోని ద్రవాన్ని లాగుతారు. ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టు (అండాలు, పిండాల పని చూసే నిపుణులు) ఆ ద్రవంలోంచి అండాలను మైక్రోస్కోప్ కింద వెతికి పట్టుకుంటారు. ఇరవై, ముప్పై నిమిషాల పని. స్కానింగ్‌లో 15 ఫాలికిల్స్ కనబడ్డాయని 15 అండాలూ రావు. వచ్చినవాటిలోనూ కొన్ని పక్వానికి వచ్చి ఉండవు. పక్క బెడ్ ఆమెకు ఎన్ని వచ్చాయో అడిగి బెంగ పెట్టుకోకండి.

ఇక అత్తమ్మ భయం. ప్రతి నెలా అండాశయంలో చాలా ఫాలికిల్స్ ఎదగడం మొదలుపెడతాయి. మామూలుగా ఒక్కటే పూర్తిగా పెరుగుతుంది, మిగతావి వాటంతటవే ఎండిపోతాయి. అలా పోయేవాటినే ఈ ఇంజెక్షన్లు పెంచుతాయి. దీనివల్ల నెలసరి ముందే ఆగిపోదు. వీలైతే ఈసారి ఆమెనూ వెంట తీసుకెళ్లి డాక్టర్ నోటే చెప్పించండి.

మీరు అడగలేదు గానీ, నేను గట్టిగా చెప్పాలనుకున్నది ట్రిగ్గర్ ఇంజెక్షన్ గురించి. అండాలు చివరగా పక్వానికి వచ్చేది దానితోనే. వేసిన సుమారు 34 నుంచి 36 గంటలకు అండాలు తీయాలి. అంటే సోమవారం రాత్రి 10 గంటలకు వేస్తే బుధవారం ఉదయం 8, 10 గంటల మధ్య. ముందే తీస్తే అండాలు సరిగా దొరకవు, ఆలస్యమైతే విడుదలై చేజారిపోతాయి. ఊళ్లో ఆ రాత్రి ఇంజెక్షన్ వేసేవారు ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. గంట ఆలస్యమైనా, మందు కొంచెం కారిపోయినా దాచకుండా సెంటర్‌కు ఫోన్ చేయండి, వాళ్లు చూసుకుంటారు. పొద్దున్నే బస్సును నమ్ముకోకుండా ముందు రోజే హన్మకొండలో చుట్టాలింట్లో ఉంటే టెన్షన్ ఉండదు. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్ల సంగతి సెంటర్ వాళ్లనే అడగండి. వీర్యం శాంపిల్ సాధారణంగా అదే రోజు తీసుకుంటారు, కాబట్టి మీవారు ఉండాలి.

కొన్ని గంటలు చూసి చాలామందిని అదే రోజు పంపిస్తారు. ఒంటరిగా మాత్రం బయల్దేరకండి, బండి మీద వద్దు. పొత్తికడుపులో నొప్పి, కొద్దిగా రక్తపు మరకలు ఒకటి రెండు రోజులు మామూలే.

మీకు పీసీఓడీ ఉంది కాబట్టి అండాశయాలు అతిగా స్పందించి పొట్టలో నీరు చేరే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టర్ పిండాలను ఫ్రీజ్ చేసి, తర్వాతి నెలల్లో గర్భసంచిలో వేద్దామనవచ్చు. అది మీ మంచికే, చికిత్స ఫెయిలైందని ఏడవకండి. పొట్ట బాగా ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, ఆయాసం, జ్వరం, ఎక్కువ రక్తస్రావం, తట్టుకోలేని నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. సెంటర్‌కు ఫోన్ చేయండి. ఎత్తకపోతే 108లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికైనా వెళ్లి, ఐవీఎఫ్ కోసం ఏ రోజు అండాలు తీశారో డ్యూటీ డాక్టర్‌కు మొదటే చెప్పండి.