నెలసరి నొప్పికి, తిండికి సంబంధం ఉందా?

ఉంది, కానీ తిండి ఒక్కటే కారణం కాదు. గర్భసంచి లోపలి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు దాని కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. అవి ఎక్కువైతే పొత్తికడుపు మెలిపెట్టేస్తుంది, కొందరికి వాంతులూ అవుతాయి. చేపల్లోని ఒమేగా-3 కొవ్వులు వాటి జోరును కొంత తగ్గిస్తాయి. అయినా మన నెల్లూరు, ఒంగోలు వైపు కొన్ని ఇళ్లలో ఆ రోజుల్లో 'వేడి చేస్తుంది' అని ఆడపిల్లకు చేపల పులుసే పెట్టరు. ఇది నాకు నిజంగా బాధ. కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు చవకే. నెలంతా వారానికి రెండుసార్లు తినండి, ఆ రోజుల్లోనూ మానక్కర్లేదు. చేపలు తినకపోతే అవిసెగింజల కారప్పొడి ఉంది. పొద్దున టిఫిన్ మానేసి టీతో సరిపెట్టొద్దు.

నొప్పి నెలనెలా పెరుగుతుంటే మాత్రం ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) కావచ్చు, గైనకాలజిస్టుకు చూపించండి.