కడుపులో ఉండగానే

చిన్నీ,

మీ కుక్క రాణి కడుపుతో ఉందని తెలిసి ఎంత సంతోషమేసిందో! పిల్లలు పుట్టాక ఎలా పెంచాలని అడిగావు. అప్పటిదాకా ఆగకు తల్లీ, ఆ పని ఇవాళే మొదలుపెట్టు. కుక్క మోసేది దాదాపు 63 రోజులు. ఆ రోజుల్లో తల్లి పడే భయం పిల్లల దాకా వెళ్తుంది.

ఒకసారి మా కుక్క ఇంకో రెండు వారాల్లో పిల్లలు పెడుతుందనగా ఇల్లు మారాం. కొత్తచోట పక్కింట్లో రోజంతా డ్రిల్లింగ్ చప్పుడు. పాపం, మంచం కింద దూరి వణికేది. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల పిల్లల కదలికా, పైన తల్లి వణుకూ రెండూ తెలిసేవి. పుట్టిన నాలుగూ పెరిగాక గిన్నె కింద పడితే చాలు, మూలకి పరిగెత్తేవి. ఎంత పిలిచినా వచ్చేవి కావు. వాటి స్వభావమే అంత అనుకున్నాను.

1957లో థాంప్సన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగం గురించి తర్వాతెప్పుడో చదివాను. బజర్ మోగితే షాక్ కొడుతుందని ఆడ ఎలుకలకి ముందే అలవాటు చేశాడు. అవి కడుపుతో ఉన్నప్పుడు ఒట్టి బజరే మోగించాడు. దెబ్బ లేదు, భయం మాత్రమే. అయినా వాటి పిల్లలు బోనులోంచి బయటికి రావడానికి జంకాయి, వేరే తల్లి దగ్గర పెరిగినవి కూడా. తల్లి టెన్షన్ పడితే ఒంట్లో పెరిగే కార్టిసోల్ అనే హార్మోన్ కొంత మాయ (ప్లాసెంటా) దాటి కడుపులోని పిల్లలకి చేరుతుంది. అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

అందుకే రాణి పడుకునే చోటు ఇప్పుడే ఖాయం చెయ్యి, ఇక మార్చకు. దూర ప్రయాణాలు, కొత్త కుక్కలు వద్దు. డాక్టర్ దగ్గరికి నువ్వే తీసుకెళ్లు, దానికి నీ చెయ్యి అలవాటు.

తిండి కూడా ముఖ్యమే. గర్భం చివరి రోజుల్లో తల్లి కుక్కకి తిండిలో సోంపు కలిపి పెడితే, పుట్టిన మర్నాడే పిల్లలు ఆ వాసన వైపు మొగ్గాయని 2006లో వెల్స్, హెప్పర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. రేపు పిల్లలకి ఏం పెట్టాలనుకుంటున్నావో అదే ఇప్పుడు రాణికీ పెట్టు.

పొట్ట దగ్గర పాటలు పెట్టమంటే మాత్రం వినకు. బాతుపిల్లలు గుడ్డులోంచే వింటాయి కానీ, కుక్కపిల్లలకి పుట్టిన రెండు వారాలకి గానీ చెవులు తెరుచుకోవు.

ఇప్పటికే రాణి ఎప్పుడైనా బెదిరి ఉంటే దిగులు పడకు. పుట్టాక పిల్లల్ని రోజూ నెమ్మదిగా చేతుల్లోకి తీసుకుంటే చాలావరకు సర్దుకుంటాయి.

అది ఎక్కడ పడుకుంటోందో రాయి. వీధి తలుపు దగ్గరైతే ఇవాళే లోపలికి మార్చు.

పెద్దమ్మ