లెక్క అడగని డబ్బు

మేడమ్, మాది సఖినేటిపల్లి దగ్గర ఒక పల్లె. వయసు 31. మావారు పోయి మూడేళ్ళయింది. బాబు మూడో తరగతి. అన్నయ్య ఇంటి పెరట్లో రేకుల గదిలో ఉంటున్నాం. ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టి నరసాపురంలో బీఈడీ రెండో ఏడాది చదువుతున్నాను. రేవు దాకా బస్సు, అక్కడి నుంచి గోదావరి దాటడానికి పంటు. వితంతు పెన్షన్ 4,000 వస్తుంది. రాత్రిళ్ళు లేసు అల్లుతాను. ఆయన వైద్యానికి తెచ్చిన అప్పుకి వారం వారం 850 కిస్తీ కట్టాలి. నాతో పదో తరగతి చదివిన పన్నెండు మంది కలిసి రెండు నెలలుగా నా ఖాతాలో నెలకి 6,000 వేస్తున్నారు. 'అప్పు కాదు, లెక్క చెప్పక్కర్లేదు, ఏడాదిన్నర వేస్తాం' అన్నారు. అయినా ప్రతి బిల్లూ ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నాను. క్లాసులో బోర్డు మసకగా కనిపిస్తోంది, అద్దాలకి 1,800 అవుతుందంటే ఆ డబ్బు ముట్టుకోబుద్ధి కాలేదు. మొన్న ఆదివారం బాబు అడిగాడని కిలో చికెన్ తెచ్చి, పుస్తకంలో 'కూరగాయలు 240' అని రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'ఆ డబ్బు నా చేతికివ్వు, ఇల్లు నేను చూసుకుంటా, నువ్వు కువైట్ వెళ్ళు' అంటాడు అన్నయ్య. 'ఊరికే వచ్చే డబ్బు అలవాటైతే మనిషి పాడైపోతుంది' అంటుంది వదిన. నాకూ అదే భయం. ఆ డబ్బు వద్దని చెప్పేయనా?

– ఒక సోదరి, కోనసీమ

వద్దనకండమ్మా. తీసుకోండి. మీరు ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ చికెన్ దగ్గరే ఆగిపోయాను. ఆదివారం పూట బిడ్డ అడిగితే వండిపెట్టారు. ఆ పని దొంగతనమైనట్టు పుస్తకంలో వేరే పేరుతో దాచారు. మిమ్మల్ని ఎవరు అడిగారని? మీ స్నేహితులు అడగరు, లెక్క చెప్పక్కర్లేదని ముందే చెప్పారు కూడా. మూడేళ్ళుగా ప్రతి రూపాయికీ ఎవరో ఒకరికి సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చారు మీరు. కిస్తీ వసూలుకి వచ్చే మనిషికి, వదినగారికి, లేసు లెక్క చూసే వాళ్ళకి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేకపోయినా ఆ గొంతులు మీ చెవిలో ఆగలేదు. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ గొంతులే.

ఒక్కటి గమనించండి. 1వ తేదీన ఇంటి గుమ్మంలో పెన్షన్ 4,000 తీసుకుంటున్నారు కదా. దాంతో ఏం కొన్నారని గ్రామ సచివాలయం వాళ్ళు అడగరు, బిల్లు చూపించమనరు. ఆ డబ్బుకి మీరు సిగ్గుపడటం లేదు, పడక్కర్లేదు కూడా. బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బు వేసే 'తల్లికి వందనం' వేరు. అందులో బాబు బడి హాజరు 75 శాతం ఉండాలన్న షరతు ఉంది. పిల్లవాడు బడికి వెళ్ళాలన్నది ఆ పథకం ఉద్దేశం కాబట్టి ఆ షరతుని నేను తప్పుపట్టను. కానీ షరతు పెట్టాలంటే ఇచ్చేవాళ్ళు మన అవసరం ఏమిటో ముందే ఊహించాలి. మీ స్నేహితులు కాలేజీ ఫీజుకి మాత్రమే అని ఇచ్చి ఉంటే ఆ 6,000తో మీ కళ్ళద్దాలు వచ్చేవా? ఆ పన్నెండు మందిలో ఒక్కరికైనా తట్టి ఉండేదా, మీకు బోర్డు కనిపించడం లేదని? రాత్రి పదకొండింటికి బల్బు కింద తెల్ల దారంతో లేసు అల్లే కళ్ళు ఎలా ఉంటాయో మీకు మాత్రమే తెలుసు. తెలిసిన మనిషి చేతికే డబ్బు ఇచ్చి, నిర్ణయం కూడా ఆ మనిషికే వదిలేశారు వాళ్ళు. షరతు లేకపోవడంలోనే ఉంది ఆ సాయమంతా. మీరు బిల్లులు పంపుతూ, వాళ్ళు పెట్టని షరతుని మీరే తెచ్చి పెట్టుకుంటున్నారు.

వదినగారి మాటలో చెడ్డ ఉద్దేశం ఉందనుకోను. అది తరాలుగా వింటున్న మాట. కానీ అది పరీక్షకి నిలబడలేదు. 2011లో మధ్యప్రదేశ్‌లో సేవా అనే మహిళా సంఘం, యూనిసెఫ్ సాయంతో, కొన్ని పల్లెల్లో షరతుల్లేకుండా డబ్బు పంచి చూసింది. మొదట్లో పెద్దవాళ్ళకి నెలకి 200, పిల్లలకి 100. పెద్దవాళ్ళలో ఎవరి డబ్బు వాళ్ళకే ఇచ్చారు, పిల్లల వంతు తల్లి చేతికి ఇచ్చారు. తాగుడు పెరుగుతుందని ముందు అందరూ భయపడ్డారు. పెరగలేదు. తిండికి, పిల్లల చదువుకి పెట్టారు. మీరు చికెన్‌కీ బాబుకీ పెట్టినట్టే.

ఇంకొకటి కూడా చెప్పాలి, చదువుకునే మనిషి కాబట్టి మీకు బాగా పనికొస్తుంది. తమిళనాడులో చెరుకు రైతులు 464 మందికి, పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, మనసు లగ్నం చేసి ఆలోచించాల్సిన పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది ఆ అధ్యయనం. అదే రైతు, అదే బుర్ర. చేతిలో డబ్బు లేనప్పుడు బాగా తడబడ్డాడు, పంట డబ్బు వచ్చాక నయంగా చేశాడు. పైసల టెన్షన్ బుర్రలో చోటు ఆక్రమిస్తుందని ఆ పరిశోధకులు చెప్పారు. లెసన్ ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చుంటే అక్షరాల బదులు శుక్రవారం కిస్తీ కనిపించిన రోజులు మీకూ ఉండే ఉంటాయి. మొద్దునైపోయానేమో, ఈ వయసులో చదువు ఎక్కదేమో అని అనుకుని ఉంటారు. కాదమ్మా. బరువు తగ్గితే చదువు ఎక్కుతుంది.

అందుకే ఆ 6,000తో మీరు మొదట కొనుక్కోవాల్సింది రాత్రిపూట గంటలు. పరీక్షలయ్యే దాకా లేసు సూది పక్కన పెట్టండి. పూర్తిగా మానలేకపోతే ఆదివారాలకి పరిమితం చేయండి. బీఈడీలో 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, స్కూల్లో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. ఒక్కరోజు కూలికో పెళ్ళి వంటకో వెళ్తే అక్కడ 400 వస్తుంది, ఇక్కడ హాజరు పోతుంది. ఇన్నాళ్ళూ మీరు ఆ 400 వైపే వెళ్ళాల్సి వచ్చి ఉంటుంది. ఇక అక్కర్లేదు.

కిస్తీలు పెన్షన్‌తోనే కట్టేయండి. నాలుగు వారాలకి 3,400, ఐదు వారాలు పడిన నెలలో 250 చాలదు, అది ఇందులోంచి వేసుకోండి. ఈ డబ్బంతా తీసుకెళ్ళి ఒకేసారి అప్పుకి కట్టేయాలని మాత్రం అనుకోకండి. అప్పు తీరిందన్న తృప్తి బాగానే ఉంటుంది, కానీ బాబుకి జ్వరం వస్తే మళ్ళీ అదే వసూలు మనిషి దగ్గరికి వెళ్ళాలి. నెలకి ఒక వెయ్యి ఖాతాలో కదపకుండా ఉంచండి. స్త్రీ శక్తి పథకం కింద రేవు దాకా ఆర్టీసీ బస్సు ఉచితమే, పంటు ఛార్జీకి విడిగా తీసి పెట్టుకోండి. వానాకాలంలో గోదావరికి వరద వచ్చి పంటు ఆపేసిన రోజుల్లో చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి కాబట్టి ఆ ఖర్చు కూడా చూసుకోండి.

అద్దాలు ఈ వారమే. వచ్చే నెల అనకండి.

ఇక అన్నయ్యగారి సంగతి. కష్టంలో గది ఇచ్చిన మనిషి, ఆయన మీద కోపం పెంచుకోకండి. కానీ ఖాతా, ఏటీఎం కార్డు, ఫోన్ పే నంబరు మీ చేతిలోనే ఉండాలి. ఈ విషయంలో నేను రాజీ పడను, మీరూ పడకండి. ఆయన చేతికి వెళ్ళిన రోజు నుంచి మీ బాబు చెప్పులకి కూడా మీరు అడగాల్సి వస్తుంది, ఆయనెంత మంచివాడైనా సరే. దానికి బదులు గదికి నెలకి ఒక వెయ్యి అద్దెగా మీ అంతట మీరే ఇవ్వండి. వదినగారి చేతికి ఇస్తే ఇంకా మంచిది. 'అన్నయ్యా, చదువు ఎనిమిది నెలల్లో అయిపోతుంది, అప్పటిదాకా కువైట్ మాట వద్దు' అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. కువైట్ వెళ్ళి సంసారాలు నిలబెట్టిన ఆడవాళ్ళు మన కోనసీమలో ఎందరో ఉన్నారు, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ తండ్రి లేని ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి వదిలి, చివరికొచ్చిన చదువు ఆపి, ఇప్పుడే వెళ్ళాల్సినంత తొందర మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

డీఎస్సీ గురించి ఒక మాట. 2025లో 16,347 టీచర్ పోస్టులు తీశారు కాబట్టి మీ ఆశంతా దాని మీదే ఉండొచ్చు. తర్వాతిది ఎప్పుడన్నది మన చేతిలో లేదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ రాసి పెట్టుకోండి, ఈలోగా దగ్గర్లో ప్రైవేటు స్కూల్లో చేరండి. స్నేహితులు చెప్పిన ఏడాదిన్నరలో చదువుకి ఎనిమిది నెలలు పోగా, నిలదొక్కుకోవడానికి మీకు ఇంకా సమయం ఉంటుంది. వాళ్ళు అంత గడువు ఆలోచించే ఇచ్చి ఉంటారు.

రేపు ఆ పుస్తకం తీసి 'కూరగాయలు' కొట్టేసి 'చికెన్' అని రాయండి. పుస్తకం మీ కోసం ఉంచుకోండి, లెక్క తెలిసి ఉండటం మంచిదే. గ్రూపులో మాత్రం ఈ నెల బిల్లులు పెట్టకండి. బాబు ఎలా ఉన్నాడో, క్లాసులో ఏ పాఠం చెప్పారో రాయండి, స్నేహితులు కదా. మొదటి నెల చేతులు ఊరుకోవు, ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. ఆ నెల ఎలా గడిచిందో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.