ఉక్కు ఎవరిదో కాదు, బొగ్గు ఎవరిదో చూడు

చిరంజీవి సౌమ్యకు,
బాబాయ్ ఆశీస్సులు.

నక్కపల్లి దగ్గర పెట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీ మీద రాస్తున్నావనీ, యజమానుల చిక్కుముడి తేలక టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఆడిటర్‌గా నా సర్వీసంతా బాలెన్స్ షీట్లతోనే గడిచింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ఆ ఫ్యాక్టరీ పెట్టే ఏఎం/ఎన్‌ఎస్ ఇండియా కంపెనీలో ఆర్సెలార్‌మిట్టల్‌కు 60 శాతం, జపాన్ నిప్పన్ స్టీల్‌కు 40 శాతం. ఇంతవరకూ అందరూ రాసేదే. ఆ 40 శాతం వాళ్లకి ఇంకా ఎక్కడెక్కడ వాటాలున్నాయో చూడు. కెనడాలోని ఎల్క్ వ్యాలీ కోకింగ్ కోల్ (ఉక్కు తయారీకి వాడే బొగ్గు) గనుల్లో నిప్పన్ 2024లో 20 శాతం తీసుకుంది. 77 శాతం గనుల కంపెనీ గ్లెన్‌కోర్‌ది, 3 శాతం కొరియా ఉక్కు కంపెనీ పోస్కోది. 2025లో ఆస్ట్రేలియా బ్లాక్‌వాటర్ గనిలో మరో 20 శాతం. అంటే బొగ్గు కొనేవాళ్లే అమ్మేవాళ్లలోనూ ఉన్నారు. బొగ్గు ధర పెరిగితే మామూలు కంపెనీ వేరే దారి వెతుక్కుంటుంది. గనిలో వాటా ఉన్నవాళ్లకి ఇక్కడ పోయిన డబ్బులో కొంత అక్కడ లాభంగా తిరిగొస్తుంది. ఇక బొగ్గు తగ్గించుకోవాలన్న తొందరేముంటుంది?

దానికి తోడు ఫర్నేస్. బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కరిగించే పెద్ద కొలిమి) పద్ధతిలో టన్ను ఉక్కుకి ముప్పావు టన్ను పైచిలుకు బొగ్గు కావాలి. ఒకసారి లోపల ఇటుకల లైనింగ్ వేస్తే పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. అన్నేళ్లూ బొగ్గు కావాల్సిందే.

పెద్ద కంపెనీలు చేసే "బొగ్గు గని అమ్మేశాం" అన్న ప్రకటనలకి పొంగిపోకు. బ్లాక్‌వాటర్ ఒకప్పుడు ఆస్ట్రేలియా గనుల కంపెనీ బీహెచ్‌పీ, జపాన్ మిత్సుబిషిల ఉమ్మడి గని. 2024లో వైట్‌హేవెన్ అనే బొగ్గు కంపెనీకి అమ్మారు. వాళ్ల పద్దులోంచి పోయింది, తవ్వకం మాత్రం ఆగలేదు.

ఇలా బొగ్గు గనుల్లో వాటా పెట్టుకోవడం ప్రైవేటు వాళ్ల జబ్బే అనుకోకు. మన వైజాగ్ స్టీల్‌కి సొంత ఇనుప గని లేదని ఊరంతా గొడవ. కానీ ప్రభుత్వ కంపెనీలు సెయిల్ (ఉక్కు), ఎన్‌ఎండీసీ (ఇనుప గనులు)లతో పాటు ఐసీవీఎల్ అనే కంపెనీలో దానికీ వాటా ఉంది. ఆ కంపెనీ 2014లో గనుల కంపెనీ రియో టింటో దగ్గర మొజాంబిక్ బొగ్గు ఆస్తులు కొంది. ఇది ఎంతమందికి తెలుసు?

ఇక కాగితాలు. నీ కంపెనీ షేర్ మార్కెట్లో లిస్ట్ కాలేదు కాబట్టి ఎక్స్ఛేంజ్ సైట్లో వెతికి లాభం లేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో కొద్దిపాటి ఫీజు కట్టు. ఎంజీటీ-7లో వాటాదారులు, ఏఓసీ-1లో అనుబంధ కంపెనీలు, ఛార్జీల రిజిస్టర్లో అప్పిచ్చిన బ్యాంకులు దొరుకుతాయి. అన్నిటికంటే విలువైనది వార్షిక లెక్కల చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే సంబంధిత పక్షాల నోట్, అంటే యజమానులతో, వాళ్ల కంపెనీలతో జరిపిన లావాదేవీల వివరం. "ముడిసరుకు కొనుగోళ్లు" అన్న వరుసలో ఎవరి పేరుంది, ఎంత మొత్తం, పోయినేటి అంకె ఎంత అన్నది పెన్సిల్‌తో రాసుకో. మధ్యలో ట్రేడింగ్ కంపెనీ ఉంటే గని పేరు అక్కడ కనబడకపోవచ్చు. అప్పుడు ఓడ ఏ రేవులో లోడయిందో పోర్టు వివరాల్లో వెతకాలి. విసుగు పుట్టించే పని, కానీ అడ్డదారి లేదు.

ఒక్క జాగ్రత్త. గనిలో వాటా ఉండడం నేరం కాదు. ఫలానా గని బొగ్గే నక్కపల్లికి వస్తుందని కాగితం చేతిలో లేకుండా ఒక్క వాక్యం రాయకు. మీ ఎడిటర్ తొందరపెట్టినా సరే.

ముందు మూడేళ్ల వార్షిక లెక్కలు తెప్పించు. ఆ నోట్ వరకు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఇద్దరం కూర్చుని చూద్దాం. పిన్ని అడిగానని చెప్పమంది.

మీ బాబాయ్